తోందోనియా తెల్ల వైన్: పాడైనదా, పండినదా?

విహారి

ఈ ప్రశ్న మూడు వారాలుగా నన్ను వదలడం లేదు. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతానికి వెళ్లినప్పుడు హారో ఊళ్లో ఒక రాత్రి భోజనంతో పాటు లోపెస్ దె ఎరెదియా కుటుంబం వారి వీన్యా తోందోనియా తీసుకున్నాము. తెల్ల వైన్, రిసర్వా, అంటే అమ్మే ముందు ఏళ్ల తరబడి దాచి ఉంచే రకం. (ఊరి పేరును అక్కడివాళ్లు ‘ఆరో’ అని పలుకుతారు. మనకు అంకెలా వినిపిస్తుంది కనుక హారో అనే రాస్తున్నాను.) సీసా మీద ఉన్న సంవత్సరం చూస్తే ద్రాక్ష కోసి పదేళ్లు దాటింది.

గ్లాసులో పోయగానే ముదురు బంగారు రంగు. వాసనలో తాజా పండు జాడ లేదు. తేనెమైనం, ఎండిన నారింజ తొక్క, అక్రోటు పప్పు, ఎక్కడో కొంచెం ఉప్పుగాలి. ఇంత ముసలి వాసన వేసిన వైన్ నోట్లోకి వెళ్లేసరికి పులుపు చురుక్కుమంది, నిన్న కోసిన కాయలా. ముక్కు ఒక వయసు చెబుతోంది, నాలుక ఇంకో వయసు చెబుతోంది.

నాతో వచ్చిన మిత్రుడు ఒక్క గుక్క తాగి, “ఇది గాలి తగిలి చెడిపోయింది, మార్చమని అడుగు” అన్నాడు. నేను అడగలేదు. నాకు నచ్చింది. అయితే ఎందుకు నచ్చిందో అతనికి చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి: గాలి తగిలి చెడిన వైన్‌కూ దీనికీ తేడా ఏమిటి?

మడ్డితేట

విహారి గారూ, మార్చమని అడగకపోవడం మంచిదయింది. మీరు తాగింది సరిగ్గా ఆ ఇంటివాళ్లు ఇవ్వదలచుకున్న వైనే.

తేడా ఒక్క మాటలో చెప్పాలంటే మన భాషలోనే ఉంది: చెడడం వేరు, ఊరడం వేరు. గాలిని పూర్తిగా దూరంగా ఉంచి పెంచిన వైన్‌కు సీసాలో అనుకోకుండా గాలి తగిలితే అది తట్టుకోలేదు. గోధుమ రంగుకు తిరుగుతుంది, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన వేస్తుంది, నోట్లో చప్పబడుతుంది. 1990ల మధ్య నుంచి ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతపు తెల్ల వైన్లలో వచ్చిన అకాల ఆక్సీకరణ సమస్య ఈ రకానిదే. కొన్న వాళ్లు పదేళ్లు దాచుకుందామనుకుంటే ఐదారేళ్లకే సీసాలు చచ్చిపడ్డాయి.

తోందోనియా దారి పూర్తిగా వేరు. తెల్ల రిసర్వా పీపాల్లోనే ఆరేళ్ల దాకా ఉంటుంది. పీపా చెక్క గుండా గాలి అతి సన్నగా లోపలికి వస్తూనే ఉంటుంది. పైగా ఏడాదికి రెండుసార్లు వైన్‌ను ఒక పీపా నుంచి ఇంకో పీపాకు మార్చి మడ్డిని వేరు చేస్తారు. మార్చిన ప్రతిసారీ కొంచెం గాలి తగులుతుంది. త్వరగా ఆక్సీకరణ చెందే పదార్థాలన్నీ ఆ ఏళ్లలోనే తమ పని ముగించుకుని మడ్డిలో కలిసిపోతాయి. సీసాలోకి వెళ్లేనాటికి గాలికి బలయ్యేది పెద్దగా మిగలదు. అందుకే ఆ తర్వాత దశాబ్దాలు నిలబడుతుంది.

మీ నాలుకకు తగిలిన పులుపుకు ఇంకో కారణం ద్రాక్ష. అందులో 90 శాతం దాకా వియురా, మిగిలింది మాల్వసియా. కాతలోనియా వైపు వియురానే మకాబెయో అంటారు, ‘కావా’ అనే స్పెయిన్ నురగ వైన్‌లో వాడేదీ అదే. లేతగా ఉన్నప్పుడు దానికి పెద్ద పరిమళం ఉండదు. చాలామంది దాన్ని నీరసమైన ద్రాక్ష అని కొట్టిపారేస్తారు. నా అభిప్రాయంలో అది తొందరపాటు. పులుపును పట్టి ఉంచుకుని, కాలం ఇచ్చిన పరిమళాన్ని మోయగలగడం కూడా ఒక గుణమే.

కొత్తకాపు

నేను ద్రాక్ష సాగు, వైన్ తయారీ చదువుకుంటున్నాను. మడ్డితేట గారు చెప్పిన రసాయన వివరంతో నాకు పేచీ లేదు. కానీ ఆరేళ్లు పీపాలో ఉంచిన తెల్ల వైన్‌లో తోట ఎక్కడ మిగులుతుంది? ఏ నేల, ఏ ఏడాది అన్నది వినిపించాలి కదా. రియోహా నిబంధనల ప్రకారం తెల్ల రిసర్వాకు మొత్తం రెండేళ్లు, అందులో పీపాలో ఆరు నెలలు చాలు. తెల్ల గ్రాన్ రిసర్వాకు కూడా నాలుగేళ్లలో ఆరు నెలల పీపానే. ఆరు నెలలు చాలన్న చోట ఆరేళ్లు ఉంచడం ద్రాక్ష మీద పద్ధతిని రుద్దడం కాదా? వాళ్ల మీద గౌరవం లేక అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

రసజ్ఞ

కొత్తకాపు గారి ప్రశ్న మంచిది. నేను రెండేళ్ల క్రితం ఆ నేలమాళిగల్లో అరపూట గడిపాను. చూసింది చెబుతాను, జవాబు అందులోనే కొంత దొరుకుతుంది.

మొట్టమొదట కనిపించేది పక్షి గూడులా పైకి లేచిన ‘చోరి తోకి’ అనే బురుజు. బాస్క్ భాషలో ‘పక్షుల చోటు’ అని అర్థం. దాని పక్కన భవనాలు, కింద కొండ రాతిని తొలిచి చేసిన సొరంగాలు. తొలిచిన రాయినే పైన గోడలకు వాడుకున్నారు. లోపలికి దిగితే చల్లదనం, తేమ, నల్లటి బూజు. గోడల మీద, సీసాల మీద, దీపాల మీద పట్టు పరుపులా పరచుకుని ఉంది. పీపాల నుంచి లేచే ఆవిరిని తిని బతికే బూజు అది. దాన్ని ఎవరూ తుడవరు.

సాలెగూళ్లనూ తుడవరు. సీసాల బిరడాలను తొలిచే చిన్న చిమ్మటలు ఉంటాయి. వాటిని సాలెపురుగులు తింటాయి. మందు చల్లే పనిని సాలెపురుగుకు అప్పగించిన ఇల్లు అది. నేను వెళ్లేముందు సాలెగూళ్ల ఫోటోలు చూసి సందర్శకుల కోసం అలా ఉంచారేమో అనుకున్నాను. ఆ అనుమానం పెట్టుకున్నందుకు అక్కడికి వెళ్లాక మనసు చివుక్కుమంది.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది పీపాల వడ్రంగం. చాలా వైనరీలు పీపాలు బయట కొంటాయి. వీళ్లు అమెరికా ఓక్ చెక్కను తెప్పించుకుని, ఆరబెట్టి, తమ సొంత వడ్రంగుల చేత చేయిస్తారు. పాత పీపాలో ఒక పలక పాడైతే ఆ పలకే మారుస్తారు. 225 లీటర్ల పీపా, అంటే మూడు వందల సీసాలు. అలాంటివి వేల సంఖ్యలో వరుసలు తీరి ఉన్నాయి. మేం వెళ్లిన వేళ ఒక పనివాడు పలకల చుట్టూ ఉన్న ఇనుప కట్టును సుత్తితో కొట్టి దించుతున్నాడు. ఆ చప్పుడు సొరంగంలో చాలా దూరం వినిపించింది.

కొత్తకాపు గారూ, ఇక్కడే మీ ప్రశ్నకు ఒక ముక్క జవాబు. ఆ పీపాలు ఎంతో పాతవి. కొత్త ఓక్ ఇచ్చే వనిలా, కొబ్బరి వాసన వాటిలో ఎప్పుడో ఆవిరైపోయింది. అవి వైన్‌కు చెక్క రుచి ఇవ్వడానికి కాదు, ఊపిరి ఇవ్వడానికి ఉన్నాయి. ద్రాక్ష మీద చెక్క రుద్దాలంటే కొత్త పీపాలో పద్దెనిమిది నెలలు ఉంచితే ఆ పని ఇంతకంటే బాగా జరుగుతుంది.

కొత్తకాపు

పాత పీపాల సంగతి ఒప్పుకుంటున్నాను. నేను ‘ఆరేళ్ల ఓక్’ అనగానే ఆరేళ్ల చెక్క రుచి అనుకున్నాను. అది తప్పు. కానీ నేల ప్రశ్న అలాగే ఉంది.

పాతపటం

నేల గురించి మాట్లాడాలంటే ముందు ఆ నేల వాళ్ల చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. రియోహా చరిత్ర నాకు ఇష్టమైన విషయం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కథ ఒక పురుగుతో మొదలవుతుంది. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా 1860ల నుంచి ఫ్రాన్స్ ద్రాక్షతోటల వేళ్లు పీల్చేసింది. బోర్డో వర్తకులకు అమ్మడానికి వైన్ లేక పిరెనీ పర్వతాలు దాటి దక్షిణానికి వచ్చారు. హారోకు అప్పటికే రైలు ఉంది. తుదేలా నుంచి బిల్బావో వెళ్లే మార్గం 1863లో తెరుచుకుంది. రేవుకు సరుకు చేర్చడం సులువు. అందుకే స్టేషన్ చుట్టూ వైనరీలు పుట్టుకొచ్చాయి. ఇప్పటికీ ఆ పేట పేరు స్టేషన్ పేటే. రఫాయెల్ లోపెస్ దె ఎరెదియా 1877లో అక్కడే పని మొదలుపెట్టాడు. తర్వాత రెండేళ్లకు, 1879లో కూనే అనే వైనరీ వచ్చింది. 1890లో లా రియోహా ఆల్తా వచ్చింది. పక్క పక్కనే ఇన్ని పెద్ద పేర్లు ఉన్న వీధి ప్రపంచంలో అరుదు.

1882లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందంతో సుంకాలు తగ్గి ఎగుమతి ఉప్పొంగింది. 1890లో హారో వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. స్పెయిన్‌లో చాలా నగరాల కంటే ముందే. తర్వాత ఒప్పందం ముగిసింది, ఫ్రాన్స్ తన తోటలను అమెరికా వేరు మీద అంటుకట్టి కోలుకుంది. 1899లో అదే పురుగు రియోహాకూ వచ్చింది. కొనేవాళ్లు తగ్గారు, తోటలు ఎండాయి.

ఇక్కడే రఫాయెల్ మీద నాకు గౌరవం పెరుగుతుంది. నాటి వైనరీలలో చాలా వరకు ఊళ్లో రైతుల దగ్గర ద్రాక్ష కొని పని చేసేవి. ఆయన మాత్రం ఎబ్రో నది వంపులో, కుడి ఒడ్డున, గవ్వ ఆకారంలో ఉన్న నేలను సంపాదించి 1913, 1914లలో తోట వేశాడు. అదే తోందోనియా, వంద హెక్టార్లు పైచిలుకు. పురుగు వచ్చి పోయిన ప్రాంతంలో, అంత పెద్ద తోటను, తన తర్వాతి తరాలు తాగే వైన్ కోసం నాటాడు. నేటికీ ఆ ఇంటి వైన్లన్నీ సొంత తోటల ద్రాక్షతోనే. తోందోనియాతో పాటు కుబీయాస్, బోస్కే, సకోనియా అనే మరో మూడు తోటలు ఉన్నాయి.

కనుక కొత్తకాపు గారూ, సీసా మీద తోట పేరే ఉంటుంది. తోటకో వైన్, వైన్‌కో పీపా వయసు. కుబీయో మూడేళ్లు, గ్రావోనియా నాలుగేళ్లు, బోస్కోనియా రిసర్వా ఐదేళ్లు, తోందోనియా రిసర్వా ఆరేళ్లు. పద్ధతి నాలుగింటికీ ఒక్కటే. అయినా పక్క పక్కన పెట్టి తాగితే నాలుగూ నాలుగు గొంతులతో మాట్లాడతాయి. పద్ధతి ఒకటే అయినప్పుడు మిగిలిన తేడా ఎక్కడిదో మీరే చెప్పండి.

నీలిమ_న

బోస్కోనియా పేరు వచ్చింది కనుక అడుగుతున్నాను. ఎర్ర వైన్లలో తోందోనియా, బోస్కోనియా రెండిటిలో ముందు ఏది తాగాలి? బోస్కోనియా సీసా భుజాలు జారుగా, బుర్గుండీ సీసాలా ఎందుకు ఉంటుంది?

మడ్డితేట

నీలిమ గారూ, సీసా ఆకారమే దాని చరిత్ర. ఒకప్పుడు ఆ వైన్‌ను బుర్గుండీ శైలి పేరుతోనే అమ్మేవారు. బోస్కే తోట పేరు, బుర్గుండీకి స్పానిష్ మాట బోర్గోన్యా, రెండూ కలిసి బోస్కోనియా అయింది. తోందోనియాది నిటారు భుజాల బోర్డో సీసా. తెల్లదైన గ్రావోనియా పేరులో కూడా బోర్డోలోని గ్రావ్ ప్రాంతం దాగి ఉంది.

రుచికి వస్తే, బోస్కోనియాలో తెంప్రానీయో అనే ఎర్ర ద్రాక్ష 80 శాతం దాకా ఉంటుంది. పండుతనం, కండ ఎక్కువ. తోందోనియాలో తెంప్రానీయో 75 శాతం, గర్నాచో 15, మిగిలింది గ్రాసియానో, మసువెలో. ఈ చివరి రెండూ పరిమాణంలో కొంచెమే అయినా పులుపును, వగరును నిలబెట్టేవి అవే. తోందోనియా బక్కగా, పొడుగ్గా, నోట్లో చాలాసేపు సాగుతుంది. మొదటిసారి అయితే బోస్కోనియా తాగండి. తోందోనియాకు కాస్త ఓపిక కావాలి.

సీసాలోకి పోసే ముందు గుడ్డు తెల్లసొనతో తేర్చుతారు. వడపోత ఉండదు. అందుకని పాత సీసాల అడుగున మడ్డి కనిపిస్తే కంగారు పడకండి. ముందు రోజు నుంచి నిలబెట్టి ఉంచి, మెల్లగా వంచి పోయండి.

కొత్తకాపు

పాతపటం గారి చివరి వాక్యం రాత్రంతా ఆలోచింపజేసింది. నాలుగు తోటలు, ఒకే పద్ధతి, వేరువేరు ఫలితం అన్నది ఒప్పుకోదగ్గ వాదన. కానీ పీపా కాలం కూడా నాలుగింటికీ వేరు కదా? ద్రాక్ష పాళ్లు కూడా వేరే. అప్పుడు తేడా అంతా నేలదే అని ఎలా అంటాం?

ఇంకో మాట. నేను చదివే చోట మాకు నేర్పేది ఉక్కు తొట్టి, చల్లటి పులియబెట్టు, తాజా పండు. అది నేను మనసా నమ్ముతాను. లేత వియురాను అలా చేసినప్పుడు వచ్చే తెల్లపూల వాసన కూడా ఆ ద్రాక్ష మాటే. పాతది మాత్రమే నిజం అంటే నేను ఒప్పుకోను.

పాతపటం

సరైన అభ్యంతరం. పీపా కాలం, ద్రాక్ష పాళ్లు కూడా తేడాలో భాగమే. ‘మీరే చెప్పండి’ అని నేను మరీ గట్టిగా అన్నాను. అయితే ఏ తోట ద్రాక్ష ఎన్నేళ్లు తట్టుకుంటుందో చూసే కదా కాలం నిర్ణయించింది. తోందోనియా ద్రాక్షకు ఆరేళ్లు మోసే పులుపు ఉంది కనుక ఆరేళ్లు. నేల ముందు వచ్చింది, లెక్క దాని వెనక వచ్చింది.

రసజ్ఞ

కొత్తకాపు గారి తెల్లపూల మాట నాకు బాగా నచ్చింది. అవునండీ, రెండూ వియురా మాటలే. ఒకటి పిల్లగొంతు, ఒకటి పెద్దగొంతు. నేను పెద్దగొంతు వైపు మొగ్గుతాను, అంతే.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. పదేళ్లు పీపాలో, ఆపై మరెన్నో ఏళ్లు సీసాలో గ్రాన్ రిసర్వాను దాచడమంటే అమ్మగలిగిన సరుకును అమ్మకుండా కూర్చోవడం. ఈ ఏడాది కోసిన ద్రాక్ష సొమ్ము ఎప్పుడో పిల్లలు పెద్దయ్యాక వస్తుంది. ఆవిరైపోయే వైన్, దాన్ని భర్తీ చేస్తూ పీపాలు నింపే పని, మార్పిడికి మనుషులు, వడ్రంగులు. ఏటా లాభం అడిగే వాటాదారులు ఉన్న సంస్థ ఈ పని ఎన్నాళ్లు చేస్తుందని? ఇప్పుడు నడుపుతున్న మరియా హోసే, మెర్సెదెస్, హూలియో సేసర్ ఆ కుటుంబంలో నాలుగో తరం. వాళ్లు ఈరోజు అమ్ముతున్న పాత గ్రాన్ రిసర్వాల్లో కొన్ని వాళ్ల నాన్న పెద్రో హయాంలో పీపాకెక్కినవి. వాళ్లు ఇప్పుడు పీపాకెక్కించేవి ఎవరు అమ్ముతారో. కుటుంబ వ్యాపారం అన్న మాటకు నాకు అక్కడ అర్థం తెలిసింది.

1980లలో, 90లలో రియోహా అంతటా కొత్త ఫ్రెంచి ఓక్, ముదురు రంగు, దట్టమైన పండు వైపు గాలి వీచింది. వీళ్లు మారలేదు. మొండితనం అన్నవాళ్లు ఉన్నారు. నేను మాత్రం ధైర్యం అంటాను.

నీలిమ_న

ధైర్యం అన్నారు కనుక ఒక మాట. అంత పాత ఇంటి ముంగిట ఆధునిక వాస్తుశిల్పి జహా హదీద్ రూపొందించిన మంటపం ఉందని విన్నాను. నిజమేనా? పాత పద్ధతి వదలని వాళ్లు అలా ఎందుకు కట్టించారు?

పాతపటం

నిజమే. 1910 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం వ్యవస్థాపకుడు ఒక చెక్క దుకాణం చేయించాడు. అది ముక్కలుగా విప్పి గోదాములో పడి ఉండగా తర్వాతి తరాలకు దొరికింది. బాగు చేయించి, దానికొక గూడుగా 125వ వార్షికోత్సవం సందర్భంగా హదీద్ చేత మంటపం కట్టించారు. 2006లో పూర్తయింది. పక్క నుంచి చూస్తే వైన్ వంపే గాజు కూజా కోతలా ఉంటుంది. లోపల ముత్తాతగారి చెక్క దుకాణం, బయట ఉక్కు వంపులు. నాకు అందులో వైరుధ్యం కనిపించదు. 1910లో ముత్తాత కూడా తన కాలపు కొత్తదనాన్నే చేయించుకున్నాడు.

మడ్డితేట

ఎవరూ ఎత్తని ఇంకొకటి: రోసాదో. గులాబీ వైన్ అంటే కోసిన ఏడాదిలోపే తాగేసేది అని లోకం అనుకుంటుంది. వీళ్లు దాన్ని నాలుగేళ్లకు పైగా పీపాలో పెట్టి గ్రాన్ రిసర్వాగా విడుదల చేస్తారు. గర్నాచో 60, తెంప్రానీయో 30, వియురా 10. అన్ని సంవత్సరాల్లో చేయరు. 2000 పంట తర్వాత 2008 పంటది వచ్చేదాకా మధ్యలో ఏ పంటదీ రాలేదు. రంగు ఉల్లిపొరలా ఉంటుంది. దొరికితే ఎవరితోనైనా పంచుకుని తాగండి, ఒక్కరే తాగితే మాట్లాడుకోవడానికి మనిషి ఉండరు.

విహారి గారూ, తెల్లదాన్ని ఫ్రిజ్‌లో గడ్డకట్టే చలిలో పెట్టకండి. 12, 13 డిగ్రీల దగ్గర తెరిచి, అరగంట గాజు కూజాలో ఉంచండి. అక్రోటు, మెంతుల లాంటి వాసన మొదట కమ్మేసినా నెమ్మదిగా పక్కకు తప్పుకుంటుంది. సోటోలాన్ అనే పదార్థం ఆ వాసనకు మూలం. మెంతులకు ఆ వాసన ఇచ్చేదీ అదే. మనవాళ్ల ముక్కుకు ఇది ముందే పరిచయం.

విహారి

అందరికీ కృతజ్ఞతలు. మెంతుల మాట చదవగానే ఆ రాత్రి నాకు అందీ అందని వాసన ఏమిటో తెలిసిపోయింది.

నిన్న అదే మిత్రుడితో గ్రావోనియా తెరిచాను. మడ్డితేట గారు చెప్పినట్టే 12 డిగ్రీల దగ్గర, అరగంట కూజాలో. ఒక గ్లాసు వెంటనే, ఒక గ్లాసు అరగంట తర్వాత అతని ముందు పెట్టాను, ఏది ఏదో చెప్పకుండా. రెండోది బాగుందన్నాడు. పీపా కాలం చెబితే నమ్మలేదు. అయినా తనకు లేత వైనే ఇష్టమని, తోందోనియా కంటే గ్రావోనియా కాస్త నయమని అన్నాడు. కొత్తకాపు గారి తెల్లపూల వాక్యం చదివి వినిపిస్తే చాలా సంతోషించాడు.

సగం సీసా మిగిలింది. బిరడా పెట్టి పక్కన ఉంచాను. గాలికి అలవాటుపడిన వైన్ కదా, మూడో రోజు ఎలా ఉంటుందో చూసి రేపు రాస్తాను.